పాయింట్ గార్డ్‌ను అంచనా వేయడం: ఎన్‌బీఏ జట్టు దృష్టి నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమాన్ని డ్రాఫ్ట్ అంటారు. 2009 జూన్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్ జట్టుకు వరుసగా అయిదో ఎంపిక, ఆరో ఎంపిక దక్కాయి. రెండింటితోనూ ఆ జట్టు పాయింట్ గార్డ్‌లనే, అంటే బంతి పట్టుకుని జట్టు ఆటను నడిపేవారినే తీసుకుంది. ఒకరు స్పెయిన్‌కు చెందిన రికీ రూబియో, మరొకరు సిరక్యూస్ విశ్వవిద్యాలయానికి ఆడిన జానీ ఫ్లిన్. ఆ వెంటనే ఏడో ఎంపికతో గోల్డెన్ స్టేట్ వారియర్స్, డేవిడ్‌సన్ అనే చిన్న కళాశాల నుంచి వచ్చిన స్టీఫెన్ కరీని తీసుకుంది. ఫ్లిన్ లీగ్‌లో మూడు సీజన్లు మాత్రమే ఆడాడు. కరీ 2015, 2016 సంవత్సరాలలో వరుసగా ఎంవీపీగా (సీజన్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా) నిలిచాడు.

ఆ నిర్ణయాన్ని ఇప్పుడు వెక్కిరించడం సులువు. కానీ ఆనాడు చూసినవారికి పాయింట్ గార్డ్ అనే మాటకు రూబియో అచ్చుగుద్దినట్టు సరిపోయాడు. పద్నాలుగేళ్లకే స్పెయిన్ ప్రధాన లీగ్‌లో అడుగుపెట్టాడు, 2008 ఒలింపిక్ ఫైనల్‌లో ఆడాడు, ఎదుటి జట్టు ఊహించని పాస్‌లు వేసేవాడు. కరీ విషయంలో మాత్రం ఇతడు షూటరా, పాయింట్ గార్డా అనే సందేహం చాలామందిని వదల్లేదు. పాయింట్ గార్డ్ ఎలా ఉండాలో ముందే ఒక బొమ్మ గీసుకుని, ఆటగాడు ఆ బొమ్మకు ఎంత దగ్గరగా ఉన్నాడని కొలిస్తే కొలత ఎంత నిక్కచ్చిగా ఉన్నా కొలిచిన వస్తువే వేరవుతుంది. అందుకే ఈ మార్గదర్శిలోని ప్రతి అడుగునూ ఒకే ప్రశ్న మీద నిలబెట్టాను: అతడు కోరుకున్న మొదటి దారి మూసుకుపోయినప్పుడు ఏం చేస్తాడు, అతడు కోర్టులో ఉన్నందువల్ల ఎదుటి జట్టు ఏ దారి మూయక తప్పడం లేదు?

మొదటి అడుగు: మీ జట్టులో ఆ పని ఏదో రాసుకోండి

ఆటగాడిని చూడకముందే మీ జట్టును చూడాలి. పాయింట్ గార్డ్ అనే పేరు కింద మూడు వేర్వేరు పనులున్నాయి. ఎదుటివారి ఒత్తిడిని తట్టుకుంటూ ఎనిమిది సెకన్లలోపు బంతిని సగం కోర్టు దాటించి ఆటను మొదలుపెట్టడం ఒకటి. షాట్ వేయడానికి ఇచ్చే ఇరవై నాలుగు సెకన్ల గడియారం నడుస్తుండగా డిఫెన్స్‌లో మొదటి పగులు తేవడం రెండోది. ఎదుటి జట్టులో బంతి పట్టినవాడిని కాయడం మూడోది. ఈ మూడింటినీ ఒక్కడే చేయాలన్న నియమం ఏ జట్టుకూ లేదు. డెన్వర్ నగెట్స్‌లో ఆట నడిపేది సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు) స్థానంలోని నికోలా యోకిచ్, కాబట్టి అక్కడి గార్డ్‌కు షాట్, యోకిచ్‌తో కలిసి కదిలే నేర్పు ఎక్కువ అవసరం. వారియర్స్‌లో చాలా ఏళ్లు బంతిని పంచింది డ్రేమండ్ గ్రీన్, అందువల్లే కరీ బంతి లేకుండా పరుగెత్తగలిగాడు. 2024లో టైటిల్ గెలిచిన బోస్టన్ సెల్టిక్స్‌లో బంతిని నడిపేవారు పలువురు ఉండేవారు, అక్కడ జ్రూ హాలిడే విలువలో పెద్ద భాగం డిఫెన్స్‌దే.

అందువల్ల తెల్లకాగితం మీద ముందుగా మూడు విషయాలు రాయండి. మీ జట్టులో ఇప్పటికే బంతి ఎవరి చేతిలో ఎక్కువసేపు ఉంటోంది? మీ సెంటర్ స్క్రీన్ పెట్టాక (సహచరుడిని కాచేవాడికి ఒంటితో అడ్డుగా నిలిచాక) రిమ్ (బుట్ట కడియం) వైపు దూసుకుపోతాడా, బయటికి వచ్చి షాట్ వేస్తాడా? మూలల్లో నిలబడేవారిని ఎదుటివారు లెక్కచేస్తారా, లేక వదిలేసి లోపల గుమిగూడతారా? ఈ మూడింటికి జవాబు రాయకుండా తయారుచేసిన ర్యాంకుల జాబితా ఏ జట్టుకైనా సరిపోతుంది, కాబట్టి ఏ జట్టుకూ ఉపయోగపడదు.

రెండో అడుగు: అంకెలకు ముందు రెండు ఆటలు చూడండి

అంకెలు ముందా, వీడియో ముందా అనే వాదన స్కౌట్‌ల (ఆటగాళ్లను పరిశీలించి జట్టుకు చెప్పేవారి) మధ్య ఎప్పుడూ ఉంటుంది. ముందు రెండు పూర్తి ఆటలు చూసి, తర్వాత అంకెలు చదివి, మళ్లీ వీడియోకు రావాలన్నది నా పద్ధతి. ఒకడు సగటున తొమ్మిది అసిస్ట్‌లు (సహచరుడి బాస్కెట్‌కు దారితీసిన పాస్‌లు) చేస్తాడని ముందే తెలిస్తే అతడి ప్రతి మామూలు పాస్‌లోనూ మనకు ఏదో మహత్తు కనిపిస్తుంది. మొత్తం మీద ఎనిమిది నుంచి పది ఆటలు చూడండి. వాటిలో లీగ్‌లోని గట్టి డిఫెన్స్ జట్లతో రెండు, ముందురోజు కూడా ఆట ఆడి అలసిపోయిన రోజు ఒకటి, చిత్తుగా ఓడిన ఆట ఒకటి, ప్రధాన సహచరుడు గాయంతో దూరమైన ఆట ఒకటి ఉండేలా చూసుకోండి. ముప్పై పాయింట్లు కొట్టిన రాత్రి అందరూ చూస్తారు. పద్నాలుగు షాట్లలో మూడే పడినప్పుడు ఆ మిగిలిన నిమిషాలలో అతడు జట్టుకు ఎలా పనికొచ్చాడన్నది మీరు చూడాలి.

ముఖ్యాంశాల క్లిప్‌లను దగ్గరికి రానీయకండి. వాటిలో మొదటి దారి మూసుకుపోయిన ఆట ఒక్కటీ ఉండదు.

మూడో అడుగు: అంకెలను విడదీసి చదవండి

పాయింట్ గార్డ్ పేరు పక్కన అందరి కళ్లూ పడే అంకె అసిస్ట్. ఆ అంకెకు విలువ లేదనను. జాన్ స్టాక్టన్ 15,806 అసిస్ట్‌లు ఊరికే చేయలేదు. కానీ ఒక్క సీజన్ సగటును విడిగా చూస్తే వాపును చూసి బలుపు అనుకునే ప్రమాదం ఉంది. 2015-16లో రజాన్ రాండో ఆటకు 11.7 అసిస్ట్‌లతో లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు. అతడు ఆడిన సాక్రమెంటో కింగ్స్ ఆ ఏడాది 33 ఆటలు గెలిచి 49 ఓడింది. ఓటమికి అతడే కారణమని కాదు. అసిస్ట్ అన్నది పాస్ ఇచ్చినవాడి పనిని, షాట్ వేసినవాడి పనిని, ఆ రెంటినీ చూసి రాసుకున్న స్కోరర్ అభిప్రాయాన్ని కలిపి చూపే అంకె, అంతే.

2013-14 సీజన్ నుంచి ఎన్‌బీఏ అరీనాలన్నింటిలోనూ ఆటగాళ్ల కదలికలను పట్టే కెమెరాలు ఉండడంతో ఈ ముడిని కొంత విప్పవచ్చు. సహచరుడు షాట్ వేసి ఉండి, అది పడితే అసిస్ట్ అయ్యే పాస్‌లను విడిగా లెక్కిస్తారు. ఆ లెక్క ఎక్కువగా ఉండి అసిస్ట్‌లు తక్కువగా ఉంటే లోపం అతడి పాస్‌లో కాక సహచరుల షూటింగ్‌లో ఉండవచ్చు. అసిస్ట్‌కు ముందటి పాస్ ఎవరిదో కూడా లెక్కిస్తారు. పగులు తెచ్చింది ఒకడు, పేరు వచ్చింది ఇంకొకడికి అన్న సంగతి అక్కడ బయటపడుతుంది. బంతి అతడి చేతిలో ఎన్ని నిమిషాలు ఉంటోంది, ఒక్కో స్పర్శకు ఎన్ని డ్రిబుల్స్ పడుతున్నాయి, ఆటకు ఎన్నిసార్లు రిమ్ వైపు దూసుకుపోతున్నాడు అన్నవి కూడా చూడండి. ఆటకు ఎనిమిది నిమిషాలు బంతి పట్టుకుని తొమ్మిది అసిస్ట్‌లు చేసినవాడూ, అయిదు నిమిషాలలో ఎనిమిది చేసినవాడూ ఒకే రకం ఆటగాళ్లు కారు. రెండోవాడు మరో నాయకుడున్న జట్టులో సులువుగా ఇమిడిపోతాడు.

టర్నోవర్లను (బంతిని ఎదుటి జట్టుకు పోగొట్టుకున్న సందర్భాలను) లెక్కపెట్టవద్దు, రకాలుగా విడదీయండి. బలహీన పక్కన, అంటే బంతికి దూరంగా ఉన్న వైపు, ఖాళీగా ఉన్నవాడిని సరిగ్గానే చూసి పాస్ అరసెకను ఆలస్యం చేసి పోగొట్టుకున్నవాడికి నేర్పించవచ్చు. ఒత్తిడి వస్తే బంతి మీద పట్టు పోయేవాడికి నేర్పించడం కష్టం. బంతి బయటికి పోయిన తప్పు కంటే ఎదుటివాడి చేతిలో పడి వెంటనే పరుగుగా మారిన తప్పు చాలా ఖరీదైనది. మరో మాట కూడా ఉంది. టర్నోవర్లు మరీ తక్కువగా ఉన్న కుర్రవాడిని చూసి మురిసిపోకండి. కష్టమైన పాస్ అసలు ప్రయత్నించనివాడి లెక్క కూడా అంత శుభ్రంగానే ఉంటుంది. టైరీస్ హాలిబర్టన్‌ను అరుదైనవాడు అనేది ఇందుకే. 2023-24లో ఆటకు 10.9 అసిస్ట్‌లతో లీగ్‌లో మొదటి స్థానంలో నిలుస్తూనే బంతిని చాలా తక్కువగా పోగొట్టాడు.

స్కోరింగ్ సామర్థ్యానికి ట్రూ షూటింగ్ లెక్క వాడండి. వేసిన షాట్లకు, ఫ్రీ త్రోల (ఫౌల్ జరిగినందుకు అడ్డు లేకుండా వేసే షాట్ల) సంఖ్యను 0.44తో గుణించి కలపండి. దాన్ని రెట్టింపు చేసి, పాయింట్లను ఆ మొత్తంతో భాగించండి. ఉదాహరణకు 15 షాట్లు, 6 ఫ్రీ త్రోలు వేసి 20 పాయింట్లు చేసినవాడికి 20ని 35.28తో భాగిస్తే దాదాపు 56.7 శాతం వస్తుంది. ఈ అంకెను అతడు వాడుకున్న పొజెషన్ల (జట్టు చేతిలో బంతి ఉన్న ఒక్కో విడత) వాటాతో కలిపి చదవాలి. తేలిక షాట్లే వేసేవాడి 60 శాతం కంటే, అందరూ చేతులెత్తేసిన చివరి నాలుగు సెకన్లలో బంతి అందుకునేవాడి 56 శాతం ఒక్కోసారి ఎక్కువ విలువైనది.

అతడు కోర్టులో ఉన్నప్పుడు, లేనప్పుడు జట్టు పాయింట్ల తేడాను చివర్లో చూడండి. పక్కన ఎవరు ఆడారు, బెంచ్ నుంచి వచ్చినవాడు ఎలాంటివాడు అన్నదాన్ని బట్టి అది ఊగిపోతుంది. ఒక్క సీజన్ తేడా మీద తీర్పు రాయకూడదు.

నాలుగో అడుగు: షాట్‌ను నమ్మవచ్చో లేదో తేల్చండి

షాట్ లేని పాయింట్ గార్డ్‌తో చిక్కు అతడు పాయింట్లు చేయలేకపోవడం కాదు. అతడిని కాచేవాడు స్క్రీన్ వెనుక నుంచి తీరిగ్గా దాటిపోయి మళ్లీ ఎదురు నిలుస్తాడు, స్క్రీన్ పెట్టిన కష్టమంతా వృథా అవుతుంది. పాస్ నేర్పు ఎంత ఉన్నా ముందు పగులు రావాలి కదా.

కళాశాల నుంచి వచ్చే కుర్రవాడి విషయంలో త్రీ పాయింటర్ (దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) శాతం కంటే ఫ్రీ త్రో శాతాన్ని నేను ఎక్కువ నమ్ముతాను. కళాశాల సీజన్‌లో త్రీ ప్రయత్నాలు ఎక్కువ ఉండవు కాబట్టి ఆ శాతం అదృష్టంతో అటూ ఇటూ ఊగుతుంది. ఫ్రీ త్రోకు అడ్డు ఎవరూ ఉండరు కాబట్టి చేతి తీరు నేరుగా కనిపిస్తుంది. 2017 డ్రాఫ్ట్‌లో మొదటి, రెండో స్థానాలలో ఎంపికైన మార్కెల్ ఫుల్ట్స్, లోంజో బాల్ ఇద్దరూ కళాశాలలో దాదాపు 41 శాతం త్రీలు వేశారు. ఫ్రీ త్రోలలో మాత్రం ఫుల్ట్స్ 65 శాతం దగ్గర, లోంజో 67 శాతం దగ్గర ఆగిపోయారు. లీగ్‌లోకి వచ్చిన మొదటి ఏడాది లోంజో త్రీలు 30.5 శాతానికి, ఫ్రీ త్రోలు 45 శాతానికి పడిపోయాయి. ఫుల్ట్స్ షాట్ చెదిరిపోవడంలో భుజం దగ్గరి నరాలకు సంబంధించిన ఆరోగ్య సమస్య పాత్ర ఉంది, కాబట్టి అతడిని ఈ సూత్రానికి రుజువుగా నిలబెట్టడం న్యాయం కాదు. లోంజో కథకు రెండో సగం కూడా ఉంది. షాట్ తీరును మార్చుకుని 2019-20లో అతడు 37.5 శాతానికి చేరాడు. అంటే ఫ్రీ త్రో శాతం తలరాత చెప్పదు. ఎంత పని మిగిలి ఉందో చెబుతుంది.

షాట్లను రెండు కుప్పలుగా విడగొట్టండి. పాస్ అందుకుని వేసినవి ఒక కుప్ప, డ్రిబుల్ చేస్తూ ఆగి వేసినవి మరో కుప్ప. మీ జట్టులో బంతి వేరొకరి చేతిలో ఎక్కువగా ఉంటే మొదటి కుప్ప, మీరు ఇతడికే ఆటను అప్పగించబోతుంటే రెండో కుప్ప మీకు ముఖ్యం. రిమ్‌కు, ఫ్రీ త్రో గీతకు మధ్య పొట్టి ఆటగాళ్లు బ్లాక్ కాకుండా ఎత్తుగా జారవిడిచే ఫ్లోటర్‌ను కూడా విడిగా గుర్తించండి. అది లేనివాడిని ప్లేఆఫ్స్‌లో (రెగ్యులర్ సీజన్ తర్వాత టైటిల్ కోసం జరిగే పోటీల్లో) పెద్ద సెంటర్లు సులువుగా అడ్డుకుంటారు.

షాట్ మీద నమ్మకం పోతే పాస్ కూడా పాడవుతుంది. 2021 ప్లేఆఫ్స్‌లో బెన్ సిమన్స్ 73 ఫ్రీ త్రోలలో 25 మాత్రమే వేయగలిగాడు. అట్లాంటాతో ఏడో ఆట చివర్లో రిమ్ కిందే ఉండి కూడా బంతిని సహచరుడికి ఇచ్చేశాడు. ఆ పాస్‌ను చాలామంది పిరికితనం అన్నారు. స్కౌట్‌కు ఆ మాటతో పనిలేదు. ఫౌల్ పడి ఫ్రీ త్రో గీత దగ్గరికి వెళ్లాల్సి వస్తుందన్న భయం నిర్ణయాలను ఎంత దూరం నుంచి వంచుతుందో అక్కడ చూడాలి.

ఐదో అడుగు: పిక్ అండ్ రోల్‌ను ఒక్కో పొజెషన్‌గా నమోదు చేయండి

మొత్తం పనిలో సగం సమయం ఇక్కడే పెట్టండి. బంతి పట్టినవాడికి స్క్రీన్ పెట్టి, పెట్టినవాడు రిమ్ వైపు కదలడమే పిక్ అండ్ రోల్. ఎన్‌బీఏ ఆటలో ఎక్కువ భాగం ఒక స్క్రీన్‌తో మొదలవుతుంది, దానికి ఎదుటి జట్టు ఇచ్చే జవాబులు కొన్నే. సెంటర్ వెనక్కి తగ్గి రిమ్ ముందు కాపు కాయడం డ్రాప్. ఇద్దరు డిఫెండర్లు మనుషులను మార్చుకోవడం స్విచ్. ఇద్దరూ కలిసి బంతి మీద పడడం ట్రాప్. సెంటర్ ఒకటి రెండు అడుగులు ముందుకు వచ్చి దారి అడ్డుకుని మళ్లీ తన మనిషి దగ్గరికి పరుగెత్తడం షో. గార్డ్‌ను కాచేవాడు స్క్రీన్ కింద నుంచి దాటిపోవడం అయిదోది.

ఒక పట్టిక గీసుకుని ప్రతి స్క్రీన్‌కు నాలుగు గడులు నింపండి: ఎదుటివారి జవాబు ఏది, అతడు మొదట చూసింది ఎవరిని, అది కుదరనప్పుడు చేసింది ఏమిటి, చివరికి వచ్చిన అవకాశం నాణ్యత ఎంత. నాలుగో గడిలో షాట్ పడిందా లేదా అన్నది రాయవద్దు. మంచి షూటర్‌కు మూలలో ఖాళీగా దొరికిన షాట్ పడకపోయినా నిర్ణయం మంచిదే. ఇద్దరి మీదుగా వేసిన కష్టమైన షాట్ పడినా నిర్ణయం చెడ్డదే. నూట యాభై స్క్రీన్‌లు నమోదయ్యేసరికి ఆటగాడి బుర్ర ఎలా పనిచేస్తుందో ఏ సగటూ చెప్పనంత స్పష్టంగా కనిపిస్తుంది.

డ్రాప్‌కు ఎదురుగా చూడవలసింది వేగం కాదు, నిదానం. స్క్రీన్ దాటాక తనను కాచేవాడిని వీపుకు అంటించుకుని, అతడు పక్కకు రాకుండా అడ్డుగా నడుస్తూ, ఎదురుగా ఉన్న సెంటర్‌ను ఎటూ తేల్చుకోనీయకుండా నిలబెట్టగలుగుతున్నాడా? ఆరడుగుల క్రిస్ పాల్ ఇరవై ఏళ్లు ఈ ఒక్క చోట బతికాడంటే పెద్ద అతిశయోక్తి కాదు. అక్కడ నిలబడే అర సెకనులో సెంటర్ ముందుకు వస్తే లోపలికి పాస్, రాకపోతే షాట్. తొందరగా నిర్ణయించేవాడు ఎదుటివాడికి సాయం చేసినట్టే. జేలెన్ బ్రన్సన్ అదే పనిని కాళ్లతో చేస్తాడు. ఆగి, ఒంటికాలి మీద తిరిగి, ఎదుటివాడు గాలిలోకి ఎగిరాక తాను షాట్ వేస్తాడు.

ట్రాప్ వచ్చినప్పుడు బంతిని ఎంత ముందుగా వదిలాడో చూడండి. ఇద్దరూ పూర్తిగా మీద పడ్డాక వేసిన పాస్ నెమ్మదిగా, ఎత్తుగా వెళుతుంది. అందుకునేవాడు కదిలేలోగా డిఫెన్స్ సర్దుకుంటుంది. అడుగు ముందుగానే వదిలేస్తే మిగిలిన నలుగురు ముగ్గురితో ఆడతారు. ఆ తర్వాత తన పేరు స్కోర్ పట్టికలో రాకపోయినా అతడు తేలిగ్గా ఉన్నాడా, లేక మరుసటి పొజెషన్‌లో బంతి వదలడానికి మొండికేస్తున్నాడా? ఇది స్వభావానికి సంబంధించిన ప్రశ్న, వీడియోలోనే జవాబు దొరుకుతుంది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని మన సామెత. కోర్టులో కడబంతి అంటే బంతికి ఎదురు పక్క మూల. అక్కడ నిలబడ్డ షూటర్‌ను కాచేవాడే సాధారణంగా లోపలికి సాయానికి వస్తాడు, కాబట్టి నిజమైన ఖాళీ అక్కడే పుడుతుంది. స్క్రీన్ దాటుతూ ఎడమ చేత్తోనైనా, కుడి చేత్తోనైనా, అడ్డుగా ఉన్న చేతుల మీదుగా ఆ మూలకు బంతిని సూటిగా చేర్చగలిగేవాళ్లు కొద్దిమందే. కుడివైపు వెళ్లినప్పుడు ఆ పాస్ వేసి ఎడమవైపు వెళ్లినప్పుడు వేయలేనివాడిని మంచి జట్లు వారం తిరిగేలోగా ఎడమవైపే నడిపిస్తాయి. అందువల్ల రెండు వైపుల లెక్కలనూ విడివిడిగా రాయండి.

స్విచ్ అయ్యాక తన ముందు నిలిచిన పెద్ద సెంటర్‌ను ఒంటరిగా దాటగలడా అన్నది ప్లేఆఫ్స్‌లో తప్పనిసరి ప్రశ్న అవుతుంది. 2025లో ఎంవీపీ, ఫైనల్స్ ఎంవీపీ రెండూ అందుకున్న షే గిల్జియస్ అలెగ్జాండర్‌లో అబ్బురపరిచే వేగం లేదు. ఆగడం, మళ్లీ కదలడం మధ్య తేడాతోనే పెద్దవాళ్లను దాటేస్తాడు. ఈ గుణాన్ని పరుగు పందెపు గడియారం పట్టుకోలేదు.

ఆరో అడుగు: బంతి వదిలాక ఏం చేస్తాడో చూడండి

పాస్ ఇచ్చాక నడుం మీద చేతులు వేసుకుని నిలబడేవాడు జట్టును నలుగురికి కుదిస్తాడు. ఒక ఆట మొత్తం బంతిని చూడకుండా అతడినే చూడండి. పాస్ ఇచ్చాక ఎన్నిసార్లు కదిలాడు, సహచరుడికి తానే స్క్రీన్ పెట్టాడా, అతడిని కాచేవాడు వదిలేసి లోపలికి వెళ్లడానికి సాహసించాడా? 2015-16లో 402 త్రీలు వేసిన కరీ వల్ల ఇతరులకు దొరికిన ఖాళీలలో చాలా భాగం బంతి అతడి చేతిలో లేనప్పుడు పుట్టినవే.

ఏడో అడుగు: డిఫెన్స్‌లో ఎంతవరకు దాచవచ్చో తేల్చండి

పాయింట్ గార్డ్ డిఫెన్స్‌ను స్టీల్స్‌తో (ఎదుటివారి నుంచి బంతి లాక్కున్న లెక్కతో) కొలవడం పాత పొరపాటు. జూదగాడికీ స్టీల్స్ వస్తాయి. స్క్రీన్ తగిలినప్పుడు అతడు దాన్ని దాటి మళ్లీ మనిషి పక్కకు చేరడానికి ఎంతసేపు పట్టింది, తన సెంటర్ ఎన్నిసార్లు ఇద్దరిని ఒంటరిగా కాయాల్సి వచ్చింది అన్నవి లెక్కించండి. చేతుల విస్తీర్ణం ఎత్తు కంటే ఎక్కువ ముఖ్యమని నా అనుభవం కంటే కొలతలే చెబుతాయి. ఆరడుగుల రెండంగుళాల గార్డ్ చేతులు ఆరడుగుల ఎనిమిదంగుళాల మేర చాస్తే అతడు పాస్ దారులలో మరో మనిషిలా ఉంటాడు.

రెగ్యులర్ సీజన్‌లో దాగిన బలహీనత ప్లేఆఫ్స్‌లో దాగదు. అక్కడ ఎదుటి జట్టు కావాలనే అతడు కాచే మనిషి చేత స్క్రీన్ పెట్టించి, స్విచ్ అయ్యేలా చేసి, తమ ఉత్తమ ఆటగాడి ముందుకు అతడిని లాగుతుంది. 2016 ఫైనల్స్ ఏడో ఆటలో స్కోరు 89-89 ఉండగా, 53 సెకన్లు మిగిలినప్పుడు కైరీ అర్వింగ్ వేసిన త్రీ అలా తన ముందుకు లాక్కున్న కరీ మీదుగానే పడింది. కరీ అక్కడ తప్పు చేశాడని కాదు. ఎంత గొప్పవాడైనా ఈ వేట తప్పదు. కాబట్టి మీరు అడగవలసింది మంచి డిఫెండరా కాదా అని కాదు, వేటకు గురైనప్పుడు ఎదుటివారికి ఒక్కో పొజెషన్‌కు ఎంత ఇస్తాడు, తన ఆటతో దాన్ని తిరిగి రాబడతాడా అని. రెండో కొసన హాలిడే లాంటివారున్నారు. 2021 ఫైనల్స్ అయిదో ఆట చివర్లో అతడు డెవిన్ బుకర్ చేతిలోంచి బంతి లాక్కుని, అదే ఊపులో సహచరుడు జానిస్ అంటెటోకౌంపోకు ఎత్తుగా అందించిన పాస్ మిల్వాకీకి టైటిల్ దారి తెరిచింది.

ఎనిమిదో అడుగు: ఆడిన లీగ్‌ను బట్టి తూకం సవరించండి

అమెరికా పురుషుల కళాశాల ఆటలో గడియారం ముప్పై సెకన్లు, ఎన్‌బీఏలో ఇరవై నాలుగు. యూరప్ అగ్ర క్లబ్‌ల పోటీ యూరోలీగ్‌లో ఆట నలభై నిమిషాలు, ఎన్‌బీఏ ఆట నలభై ఎనిమిది. త్రీ పాయింట్ గీత అంతర్జాతీయ కోర్టులో 6.75 మీటర్ల దూరంలో, ఎన్‌బీఏలో రిమ్‌కు ఎదురుగా 7.24 మీటర్ల దూరంలో ఉంటుంది. వీటికంటే పెద్ద తేడా ఒకటుంది. ఎన్‌బీఏలో ఎవరినీ కాయకుండా పెయింట్‌లో (రిమ్ ముందున్న గీతల ప్రాంతంలో) మూడు సెకన్లకు మించి నిలిచే డిఫెండర్‌కు శిక్ష పడుతుంది, కళాశాల ఆటలో, యూరోలీగ్‌లో ఆ నియమం లేదు. అందువల్ల యూరప్‌లో గార్డ్‌కు లోపలి దారి ఇరుకు. ఆ ఇరుకులో దారులు వెతికినవాడికి ఎన్‌బీఏ కోర్టు మైదానంలా కనిపించే అవకాశం ఉంది. 2018లో పందొమ్మిదేళ్లకే రియల్ మాడ్రిడ్ తరఫున యూరోలీగ్ ఎంవీపీ అయిన లూకా డాంచిచ్‌కు తగినంత చురుకుదనం లేదన్న అనుమానం డ్రాఫ్ట్‌కు ముందు గట్టిగానే వినిపించింది. అతడిని మూడో స్థానంలో ఎంచుకున్న అట్లాంటా, ట్రే యంగ్‌కూ మరో మొదటి రౌండ్ ఎంపికకూ బదులుగా డాలస్‌కు ఇచ్చేసింది. పెద్దవాళ్ల లీగ్‌లో పెద్దవాళ్లను ఓడించిన రెండేళ్ల వీడియోకు, ఖాళీ హాలులో తీసిన పరుగు సమయం కంటే ఎక్కువ బరువు ఇవ్వాలి.

పేరున్న కళాశాలల విషయంలో దీనికి ఎదురు జాగ్రత్త కావాలి. చుట్టూ నలుగురు భవిష్యత్ ప్రొఫెషనల్స్ ఉన్నప్పుడు ఎవరి పాస్ అయినా అసిస్ట్‌లా కనిపిస్తుంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే ఏజెంట్లు ఆ పేరునే ముందుకు నెడతారు.

తొమ్మిదో అడుగు: మనిషిని కలవండి

షికాగోలో జరిగే డ్రాఫ్ట్ కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్లను కొలిచి పరీక్షించే శిబిరంలో) ఎత్తు బూట్లు లేకుండా కొలుస్తారు, చేతుల విస్తీర్ణం, ఎగిరే ఎత్తు, పక్కలకు కదిలే వేగం నమోదవుతాయి. అవి తీసుకోండి. గాయాల విషయం వైద్యులకే వదిలి, మీరు మాత్రం ప్రశ్నను సరిగ్గా అడగండి. చీలమండ గాయాలతో తొలి ఏళ్లు గడిపిన కరీ 2012లో నాలుగేళ్లకు 4.4 కోట్ల డాలర్ల ఒప్పందానికే సరేనన్నాడు. ఆ గాయం నయమయ్యేదా, తిరగబెట్టేదా అన్న ఒక్క ప్రశ్నకు సరైన జవాబే ఆ తర్వాత వారియర్స్‌కు ఇతర ఆటగాళ్లను తెచ్చుకునే డబ్బును మిగిల్చింది.

ముఖాముఖిలో కుటుంబం గురించి, కలల గురించి అడిగితే ఏజెంట్ నేర్పిన జవాబులే వస్తాయి. దానికి బదులు అతడి సొంత టర్నోవర్ వీడియో ఒకటి పెట్టి, పాస్ వేయకముందు ఆపి, ఇక్కడ ఏం చూశావని అడగండి. తర్వాత బోర్డు ఇచ్చి అతడి జట్టు చివరి ఆటలో ఆడిన ఒక ఎత్తుగడను అయిదుగురి స్థానాలతో గీయమనండి. తన పని మాత్రమే గుర్తున్నవాడికీ, మిగతా నలుగురి పని కూడా గుర్తున్నవాడికీ తేడా రెండు నిమిషాలలో తెలిసిపోతుంది. సహచరుడి తప్పును ఎలా వివరించాడో కూడా వినండి.

ఒక్క ప్రాక్టీస్‌తో తలుపు మూయకండి. 2001లో పారిస్ నుంచి వచ్చిన పందొమ్మిదేళ్ల టోనీ పార్కర్ సాన్ ఆంటోనియో స్పర్స్ ముందు ఆడిన మొదటి ప్రాక్టీస్ కోచ్ గ్రెగ్ పాపోవిచ్‌కు నచ్చలేదు. మళ్లీ పిలిచి చూశారు, 28వ స్థానంలో తీసుకున్నారు. 2007లో అతడు ఫైనల్స్ ఎంవీపీ అయ్యాడు.

పదో అడుగు: ధర కట్టి, నివేదిక రాసి, తాళం వేయండి

ఆటగాడు మంచివాడా అన్నదానికీ, ఈ ధరకు మంచివాడా అన్నదానికీ తేడా ఉంది. మంచి పాయింట్ గార్డ్‌లు డ్రాఫ్ట్‌లో ఆలస్యంగా కూడా దొరుకుతారు. స్టీవ్ నాష్ 15వ, స్టాక్టన్ 16వ, బ్రన్సన్ 33వ స్థానాలలో ఎంపికయ్యారు, 2019 టైటిల్ గెలిచిన టొరంటో జట్టులోని ఫ్రెడ్ వాన్‌ఫ్లీట్‌ను డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. అందువల్ల మొదటి అయిదు ఎంపికలలో ఒకటి ఖర్చు పెట్టాలంటే, అదే పనిని రెండో రౌండ్‌లో దొరికేవాడు ఎంతవరకు చేయగలడో కూడా పక్కనే రాయాలి. ఇప్పటికే గార్డ్ ఉన్న జట్టు మరో ప్రశ్న వేసుకోవాలి. 2022 ఫిబ్రవరిలో డిఆరన్ ఫాక్స్, హాలిబర్టన్ ఇద్దరూ ఉన్న సాక్రమెంటో, హాలిబర్టన్‌ను ఇండియానాకు ఇచ్చి డొమాంటాస్ సబోనిస్‌ను తెచ్చుకుంది. ఆ తర్వాతి ఏడాదే సాక్రమెంటో ప్లేఆఫ్స్‌కు చేరింది. 2025లో ఇండియానా హాలిబర్టన్‌తో ఫైనల్స్ ఏడో ఆట వరకు వెళ్లింది. (2019 అక్టోబర్‌లో ముంబైలో ఎన్‌బీఏ ఆటలు చూసినవారికి ఈ రెండు జట్ల పేర్లూ గుర్తుండే ఉంటాయి.) ఆ మార్పిడిలో ఎవరు గెలిచారన్నది ఒక్క మాటలో తేలదు, రెండు జట్ల అవసరాలు వేరు.

నివేదిక రెండు పేజీలు దాటనీయకండి. మొదటి అడుగులో రాసుకున్న మీ జట్టు అవసరాన్ని పైన పెట్టి, దాని కింద ఒక్కో డిఫెన్స్ జవాబుకు ఆటగాడు ఇచ్చే మారు జవాబును ఒక్కో వాక్యంలో రాయండి. మీ అంచనా తప్పయితే ఏ కారణంగా తప్పవుతుందో ఒక పేరా మీరే రాయండి. మీతో విభేదించిన సహోద్యోగి మాటలను మెత్తబరచకుండా అతడి మాటల్లోనే చేర్చండి. తేదీ వేసి, సంతకం చేసి, ఎవరూ దిద్దడానికి వీలులేని చోట ఉంచండి. రెండు సీజన్ల తర్వాత, తీసుకున్నవాడి నివేదికతో పాటు వదిలేసినవాడి నివేదిక కూడా తెరవండి. తప్పు పదింటిలో ఏ అడుగు దగ్గర జరిగిందో గుర్తించి అంచున రాసుకోండి. వచ్చే జూన్‌లో కొత్త పేర్ల జాబితా చేతికి వచ్చినప్పుడు ముందు ఆ అంచులను చదివి, తర్వాత వీడియో మొదలుపెట్టండి.